ఒక్కో మార్పుకు ఒక్కో బ్రాంచి: మా డీటీపీ గదిలో నిక్స్, గిట్

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం మాస్టారు మా మేడ మెట్లెక్కి వచ్చి, చేతిసంచిలోంచి తన వ్యాఖ్యాన గ్రంథం తీసి బల్ల మీద పెట్టారు. 2022లో మేము పేజీలు పెట్టిన పుస్తకం అది. "అమ్మాయీ, ప్రతులు అయిపోయాయి. జనవరి పుస్తక మహోత్సవానికి రెండో ముద్రణ కావాలి. పదకొండు అచ్చుతప్పులు దిద్దాను. అవి తప్ప ఒక్క పంక్తి కూడా కదలకూడదు" అన్నారు.

ఆయన ఎందుకలా అన్నారో నాకు తెలుసు. 612 పేజీల పుస్తకం, చివర నలభై పేజీల పదసూచిక. ఎక్కడైనా ఒక పేరా ఒక్క పంక్తి పెరిగితే అధ్యాయం చివరిదాకా మాటలు పక్క పేజీల్లోకి జరుగుతాయి, సూచికలో అంకెలు తప్పుతాయి. ఆ సూచికను ఆయన అట్టముక్కల మీద స్వహస్తంతో ఏడాదిన్నర పాటు తయారు చేసుకున్నారు. చెరిగిన చోట మళ్లీ రాయమని ఎనభై ఏళ్ల మనిషికి ఏ ముఖంతో చెప్పగలను?

"కదలదండీ మాస్టారూ" అన్నాను. ఆ మాట అంత ధైర్యంగా అనగలిగినందుకు కారణమైన పద్ధతి గురించే ఈ సమీక్ష. నిక్స్‌ప్యాకేజెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంకలనాన్ని ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌తో నకలు తెచ్చుకుని, మాకు కావలసిన మార్పులను సొంత బ్రాంచీల్లో, అంటే అసలుదాని నుంచి చీలి విడిగా సాగే పాయల్లో ఉంచుకుని, మూడేళ్లుగా విజయవాడలో ఒక డీటీపీ దుకాణం నడుపుతున్నాను. డబ్బు పెట్టి కొన్నది కాదు గానీ, కాలం మాత్రం చాలా పెట్టాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది ఏలూరు రోడ్డుకు దగ్గరలో గవర్నరుపేట సందులో మేడ మీద గది. ఏడు కంప్యూటర్లు, ఐదుగురం. ప్రచురణకర్తలకు పుస్తకాలు, ఉగాది ముందు పంచాంగాలు, మధ్యలో సావనీర్లు. పేజీలు స్క్రైబస్‌లో పెడతాం. తెలుగు ఒత్తులను సరిగా కూర్చడం దానికి 1.5 శ్రేణిలో వచ్చింది, స్థిరమైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో విడుదలైంది. పాత పుస్తకాల స్కాన్లను టెసరాక్ట్‌తో అక్షరాలుగా మారుస్తాం. ఇవన్నీ ఎవరికైనా దొరికేవే. కానీ దొరికినవి దొరికినట్టు మా పనికి సరిపోవు. ప్రాచీన గ్రంథాల్లో నకార పొల్లు, అంటే అచ్చు చేరని నకారాన్ని చూపే పాత అక్షరం, వస్తుంది. యూనికోడ్‌లో దానికి చోటు దొరికింది 2021లో, 14వ వెర్షన్‌లో. మా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో దానికి మీట లేదు, నేనే పెట్టుకున్నాను. అక్షరదోషాలు చూసే నిఘంటువులో సంధి పదాలు చాలవు, చేర్చుకున్నాను. ఒక ఉచిత ఫాంటును మా పుస్తకాల కోసం సవరించాను. స్క్రైబస్‌కు ఒక చిన్న ప్యాచ్, అంటే దాని మూల కోడుకు వేసిన అతుకు, ఉంది. మొత్తం నాలుగు మార్పులు. ఈ నాలుగింటిని ఏడు కంప్యూటర్లలో, ఏళ్ల తరబడి, కింద ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా మారిపోతూ ఉంటే చెడకుండా నిలబెట్టుకోవడమే సమస్య.

ఇంతకుముందు ఏం చేసేవాళ్లమో చెప్పడానికి మా ఫోల్డర్ల పేర్లు చాలు: ఫాంటు కొత్తది, ఫాంటు చివరిది, ఫాంటు చివరిది రెండు. ఒకే పేరున్న రెండు ఫాంట్లు ఒక కంప్యూటర్‌లో పక్కపక్కన ఇమడవు. ఏ పుస్తకం ఏ ఫాంటుతో అచ్చయిందో కంపోజిటర్ జ్ఞాపకం మీద ఆధారపడేది. ఆ కంపోజిటర్ ఉద్యోగం మానేసినప్పుడు జ్ఞాపకం కూడా వెళ్లిపోయేది.

నిక్స్ సంగతి మా అక్క కొడుకు చెప్పాడు. 2022 వేసవిలో బెంగళూరు నుంచి వచ్చి మా గదిలో వారం కూర్చున్నాడు. "పిన్నీ, నువ్వు ఫాంటు ఫైలు దాచుకుంటున్నావు. దాచుకోవాల్సింది ఫాంటు ఎలా తయారైందో ఆ వంట విధానం" అన్నాడు. నిక్స్‌ను ఎల్కో డాల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టారు. 2006లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో దాని మీదే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. కిటుకు చిన్నది. ప్రతి ప్యాకేజీ తన మూల కోడు, ప్యాచ్‌లు, తాను ఆధారపడినవి అన్నింటినీ కలిపి లెక్కగట్టిన ఒక పొడవాటి సంకేతం పేరుతో సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. ఏ ఒక్కటి మారినా సంకేతం మారుతుంది, కొత్త ఫోల్డర్ వస్తుంది, పాతది చెక్కుచెదరదు. కాబట్టి 2022 నాటి ఫాంటు, ఈనాటి ఫాంటు ఒకే యంత్రంలో కాపురం చేయగలవు. ఇలాంటి విధానాలు లక్షకు పైగా పోగైన గిట్ భాండాగారమే నిక్స్‌ప్యాకేజెస్. ఏటా మే, నవంబరు నెలల్లో ఒక్కో విడుదల వస్తుంది. విడుదల పేరే ఏడాదీ నెలా: 22.05, 22.11, 23.05 అలా.

ఇక బ్రాంచీల సంగతి. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అందరూ చేసేదే అనుకుంటాను. ఒకే ఒక బ్రాంచి తీసి దానికి "మాది" అని పేరు పెట్టి, తోచిన మార్పులన్నీ అందులోకి ఎక్కించాను. పై నుంచి, అంటే అసలు సంకలనం నుంచి, కొత్తవి వచ్చినప్పుడల్లా మెర్జ్ చేశాను, అంటే మాదాంట్లో కలిపాను. 2023 మే నాటికి అందులో మావి 63 కమిట్లు, అంటే గిట్‌లో నమోదైన మార్పులు, ఉన్నాయి, పై నుంచి వచ్చినవి వేలకు వేలు. నా కమిట్లను నా పేరుతో వెతికి ఏరవచ్చు. కానీ మెర్జ్ సమయంలో వచ్చిన కాన్‌ఫ్లిక్ట్‌లను, అంటే ఒకే చోట రెండు మార్పులు ఢీకొన్నవాటిని, దిద్దినప్పుడు ఆ దిద్దుబాటు మెర్జ్ కమిట్ లోపల ఉండిపోతుంది. విడిగా ప్యాచ్‌లా బయటికి రాదు. అంటే నా మార్పు ఇప్పుడు నిజంగా ఏ రూపంలో ఉందో నాకే తెలియదు. కీబోర్డు మార్పును పై సంకలనానికి పంపుదామని కూర్చుని, రెండు రోజులు ఏరి, వదిలేశాను.

ఆ తర్వాత వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని అంతా విప్పాను. కీబోర్డుకు ఒక బ్రాంచి, ఫాంటుకు ఒకటి, నిఘంటువుకు ఒకటి, స్క్రైబస్ ప్యాచ్‌కు ఒకటి. ప్రతిదీ ఆ నాటి విడుదల బ్రాంచి నుంచి నేరుగా మొలుస్తుంది. ఒకదానికి మరొకటి తెలియదు. ఈ నాలుగింటినీ కలిపి కంప్యూటర్లకు ఎక్కించడానికి ఐదో బ్రాంచి ఉంది. దాన్ని ఎప్పుడూ చేత్తో ముట్టుకోను. ఆరు వరుసల స్క్రిప్టు ఒకటి పాత ఐదో బ్రాంచిని చెరిపేసి, తాజా విడుదల మీద నాలుగింటినీ వరుసగా మెర్జ్ చేసి కొత్తది కడుతుంది. నాలుగు దారపు కండెలు భద్రంగా ఉన్నంతకాలం దండ తెగినా మళ్లీ కట్టుకోవచ్చు. ఇది నా తెలివి కాదు. 2005 నుంచి గిట్‌ను చూసుకుంటున్న జునియో హమానో ఆ ప్రాజెక్టునే ఇలా నడుపుతారు: అంశానికో బ్రాంచి, వాటిని కలిపి చూసే బ్రాంచి మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా కట్టేది. గిట్‌తో పాటు వచ్చే సహాయ పుటల్లోనే ఇది ఉంది. ముందే చదవలేదే అని బాధపడ్డాను.

ఒక సూక్ష్మం దగ్గర చాలామంది బోల్తా పడతారు, దాన్ని నెమ్మదిగా చెప్పాలి. ఒక విడుదల నుంచి తర్వాతి విడుదలకు మారేటప్పుడు మామూలు రీబేస్, అంటే మన కమిట్లను పాత మొదలు నుంచి తీసి కొత్త మొదలు మీద నాటడం, చేయకూడదు. 22.11 విడుదల బ్రాంచి ప్రధాన బ్రాంచి నుంచి ఎప్పుడో విడిపోయి, తన సొంత దిద్దుబాట్లు కొన్ని వేలు పోగేసుకుంది. 23.05కు వాటితో సంబంధం లేదు. మామూలుగా రీబేస్ అంటే గిట్ పాపం ఆ వేల కమిట్లు కూడా మనవే అనుకుని ఒక్కొక్కటే కొత్త చోట నాటడం మొదలుపెడుతుంది. మొదటిసారి నేను అలాగే చేసి, తెర మీద ఎవరెవరి కమిట్లో పరుగెత్తుతుంటే చూసి ఆపేశాను. రీబేస్‌కు "ఆన్‌టు" అనే ఎంపిక ఇచ్చి, పాత విడుదల ఇది, కొత్త విడుదల ఇది, మధ్యలో నావి మాత్రమే తీసుకువెళ్లు అని చెప్పాలి. అప్పుడు ఫాంటు బ్రాంచిలోని మూడు కమిట్లు మూడు క్షణాల్లో కొత్త ఇంటికి చేరతాయి.

రెరెరె అనే సదుపాయాన్ని కూడా వెలిగించుకోండి. ఒక కాన్‌ఫ్లిక్ట్‌ను మీరు ఒకసారి ఎలా దిద్దారో గిట్ గుర్తుపెట్టుకుని, అదే మళ్లీ ఎదురైతే తానే దిద్దుతుంది. ఐదో బ్రాంచిని వారానికోసారి కొత్తగా కట్టే నాకు ఇది లేకపోతే పని జరగదు.

మా అక్క కొడుకు లాంటివాళ్లు, ఇంత కష్టం ఎందుకు, ఓవర్లే రాసుకుంటే పోలేదా అంటారు. ఓవర్లే అంటే అసలు సంకలనాన్ని ముట్టుకోకుండా, పైన మన మార్పులు చెప్పే విడి ఫైలు. ఒకటి రెండు చిన్న మార్పులకు అదే మంచిది, కాదనను. నిఘంటువును ఈ మధ్య నేనూ ఓవర్లేలోకి మార్చే ఆలోచనలో ఉన్నాను. కానీ ఓవర్లే మౌనంగా ఉంటుంది. కింద స్క్రైబస్ విధానాన్ని ఎవరైనా పూర్తిగా తిరగరాసినా, నా పై ఫైలుకు ఆ సంగతి తెలియకుండానే ఏదో ఒకటి తయారైపోవచ్చు. బ్రాంచి అయితే గిట్ కాన్‌ఫ్లిక్ట్ చూపి నన్ను ఆపుతుంది. నేను మార్చిన చోటే మరొకరు కూడా మార్చారన్న కబురు అది. మా పనిలో ఆ కబురు అచ్చుకు ముందు తెలియాలి, తర్వాత కాదు.

ఇప్పుడు, బ్రాంచీలు విడదీశాక వచ్చిన ఒక మే నెల రాత్రి గురించి చెప్పాలి. మాస్టారి పుస్తకం తర్వాత మరో సంస్కృత వ్యాఖ్యానం వచ్చింది. అందులో "కార్త్స్న్యం" అనే మాట. రకారం కింద తకారపు ఒత్తు, దాని కింద సకారం, ఆపైన నకారం, చివర యకారం. ఒక్క అక్షరానికి నాలుగు ఒత్తులు. మా ఫాంటులో అవి ఒకదాని కింద ఒకటి దిగి, కింది పంక్తిలోని దీర్ఘాల మీద కూర్చున్నాయి. నకారపు ఒత్తు తోక కింది పంక్తిలోని తలకట్టును దాటి దిగింది. పేజీ మీద చూస్తే సిరా మరక పడినట్టు ఉంది. తప్పు ఫాంటుది కాదు, అక్షరాలను కూర్చే ఇంజనుది అనుకున్నాను. హార్ఫ్‌బజ్ అని దాని పేరు. దానికోసం విడిగా ఒక బ్రాంచి తీసి, అందులో దాని వెర్షన్ మార్చి, తయారు చేయమని సాయంత్రం ఏడింటికి మీట నొక్కాను.

హార్ఫ్‌బజ్ మీద ఎన్ని ఆధారపడతాయో అప్పుడు తెలియలేదు. తెర మీద అక్షరం చూపించే ప్రతి దానికీ దాదాపు అది కావాలి. మార్చనివన్నీ సిద్ధంగా తయారైన రూపంలో నిక్స్ వారి సర్వర్ నుంచి దిగుతాయి. మారినదానిపై ఆధారపడినవన్నీ మాత్రం మన యంత్రమే మూల కోడు నుంచి కట్టుకోవాలి. ఆఫీసు పనులకు వాడే భారీ సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్ కూడా ఆ జాబితాలో చేరింది. రోహిణి కార్తె, గదిలో ఉక్క, తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను ఆపి కంప్యూటర్‌ను నడిపించాను. తెల్లవారుజామున నాలుగింటికి ఇన్వర్టర్ కూడా అయిపోయింది. లిబ్రాఫీస్ సగంలో ఆగింది.

మరునాడు ప్రశాంతంగా కూర్చుని చూస్తే, తప్పు ఇంజనుది కాదు, ఫాంటులోని నియమానిది. మూడో ఒత్తు నుంచి కిందికి కాకుండా కుడి పక్కకు జరగమని ఫాంటులో నియమం రాశాను. ఫాంటు మీద మరేదీ ఆధారపడదు కాబట్టి అది తయారవడానికి నిమిషం కూడా పట్టలేదు. "కార్త్స్న్యం" విడివిడిగా, చదవగలిగేలా నిలబడింది. హార్ఫ్‌బజ్ బ్రాంచిని ఒక్క ఆజ్ఞతో తొలగించాను. మిగిలిన నాలుగింటికి గీత కూడా పడలేదు. అది పాత "మాది" బ్రాంచిలో చేసి ఉంటే ఆ మార్పును ఊడబెరకడానికి ఇంకో రాత్రి పోయేది. అప్పటినుంచి ఏ మార్పైనా చేసే ముందు దాని మీద ఎన్ని ఆధారపడతాయో లెక్క చూస్తాను. అలాగే ఎప్పుడూ ఛానల్ బ్రాంచి మీదే మొదలుపెడతాను. పరీక్షలు నెగ్గిన తర్వాతే ఆ బ్రాంచి ముందుకు జరుగుతుంది కాబట్టి, మనం మార్చనివి చాలావరకు సిద్ధంగా దొరుకుతాయి. ప్రధాన బ్రాంచి మీద కడితే సగం మన ఇంట్లోనే వండుకోవాలి.

ఆ ఫాంటు సవరణే మాస్టారి పుస్తకం దగ్గర అసలు చిక్కు. ఒత్తులు పక్కకు జరిగితే అక్షరం వెడల్పు పెరుగుతుంది, వెడల్పు పెరిగితే పంక్తి విరిగే చోటు మారుతుంది. పరీక్షగా ఈనాటి ఫాంటుతో ఆయన పుస్తకం తెరిచి చూశాను. పదిహేడో పేజీలోనే ఒక మాట కింది పంక్తికి దిగింది. పుస్తకం మొత్తం మీద ఆరు పేజీలు పెరిగింది.

అదృష్టవశాత్తు, 2022 అక్టోబరులో ఆ పుస్తకం అచ్చుకు వెళ్లిన రోజున ఆ స్థితికి ఒక ట్యాగ్, అంటే కదలని పేరుగుర్తు, వేయించాడు మా అక్క కొడుకు. అప్పటి బ్రాంచి అడ్డదిడ్డంగా ఉన్నా ట్యాగ్ మాత్రం సరిగ్గా ఆ రోజునే పట్టుకుని ఉంది. వర్క్‌ట్రీ అనే సదుపాయంతో, ఇప్పటి బ్రాంచిని కదపకుండానే ఆ ట్యాగ్‌ను పక్క ఫోల్డర్‌లో తెరిచాను. నిక్స్ ఆ నాటి స్క్రైబస్‌ను, ఆ నాటి ఫాంటును, ఆ నాటి నిఘంటువును పోగేసింది. ఫాంటులు ఎక్కడ వెతకాలో చెప్పే ఫైలును కూడా ఆ ట్యాగ్ నుంచే కట్టించాను కాబట్టి, ఈనాటి ఫాంటు పక్కనే ఉన్నా ఆ స్క్రైబస్‌కు అది కనపడదు. ఎడమ తెర మీద కొత్త పంచాంగం కొత్త ఫాంటుతో, కుడి తెర మీద మాస్టారి పుస్తకం పాత ఫాంటుతో, ఒకే కంప్యూటర్‌లో.

పదకొండు తప్పులూ దిద్దాక పాత పీడీఎఫ్‌నూ కొత్త పీడీఎఫ్‌నూ పేజీ పేజీ ఒకదానిపై ఒకటి వేసి చూశాం. పదకొండు చోట్ల తప్ప తేడా లేదు. మాస్టారు వచ్చి పదసూచిక తెరిచి, తనకు గుర్తున్న ఏడెనిమిది మాటలు వెతికి, పేజీలు తిప్పి చూసుకున్నారు. ఏమీ అనలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, టీ తెప్పించమన్నారు.

అప్పటినుంచి ప్రతి పుస్తకానికీ ట్యాగ్ తప్పనిసరి. దానికి తోడు ఆ రోజు వాడిన ప్యాకేజీలన్నింటినీ నిక్స్ కాపీ ఆజ్ఞతో ఒక హార్డ్ డిస్కులోకి కూడా ఎక్కిస్తాను. ట్యాగ్ ఉన్నా మూల కోడు దొరికే వెబ్ చిరునామా పదేళ్ల తర్వాత బతికి ఉంటుందన్న హామీ లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు అజిత్ సింగ్ నగర్‌లో ఉండే మా కంపోజిటర్ ఇల్లు నడుములోతు మునిగింది. పిల్లలను తీసుకుని మేడ మీదికి చేరింది గానీ, ఇంటి నుంచి పని చేయడానికి మేమిచ్చిన కంప్యూటర్ కింద ఉండిపోయింది. నీళ్లు తీశాక తిరిగి వచ్చినప్పుడు ఆమెకు మిగిలింది కట్టుబట్టలే. ఆ స్థితిలో ఆమెకు తన మీటలు, తన నిఘంటువు, తన ఫాంట్లు ఉన్న యంత్రమైనా వెంటనే ఇవ్వాలనిపించింది. కొత్త కంప్యూటర్ పెట్టె విప్పి, ఐదో బ్రాంచి నుంచి నిక్సోఎస్ (నిక్స్ మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తే మధ్యాహ్నం మొదలుపెట్టింది చీకటి పడకముందే సిద్ధమైంది. ఆమె కూర్చుని నకార పొల్లు మీట నొక్కింది. పడింది.

లోపాలు దాచను. నిక్స్‌కు సొంత భాష ఉంది. అది నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ తప్పు సందేశం వచ్చినప్పుడు చాంతాడంత వరుసల్లో అసలు కారణం చివరెక్కడో ఉంటుంది. సహాయ గ్రంథాలన్నీ ఇంగ్లీషులోనే. డిస్కు త్వరగా నిండుతుంది. పాతవి ఊడ్చే ఆజ్ఞ నెలకోసారి నడపకపోతే 512 జీబీ కూడా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మొత్తం భాండాగారాన్ని చరిత్రతో సహా దించుకోవడానికి జీబీల కొద్దీ డేటా కావాలి. ఫైళ్ల పాత రూపాలను అవసరమైనప్పుడే తెచ్చుకునేలా గిట్‌లో ఒక వడపోత ఉంది, దానితో మొదలుపెట్టండి. ఒక్కో విడుదలకు మద్దతు సుమారు ఏడు నెలలే, కాబట్టి ఏటా రెండుసార్లు బ్రాంచీలను కొత్త విడుదల మీదికి మార్చే పని ఉంటుంది. నాకు ఇప్పుడు అది ఒక ఆదివారం పూట పని. మొదటిసారి పదిరోజులు.

ఒకటీ రెండూ కంప్యూటర్లు, ఏ మార్పూ లేని సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. అచ్చయిన పుస్తకం మళ్లీ అచ్చుకు వచ్చే చోట, సొంత ఫాంట్లు ఉన్న చోట, కాలేజీ ప్రయోగశాలలో అరవై యంత్రాలు ఒక్కలా ఉండాల్సిన చోట తప్పకుండా ప్రయత్నించండి. గవర్నరుపేటకు వస్తే మా గదిలో కూర్చోబెట్టి చూపిస్తాను. పంచాంగాల రోజుల్లో మాత్రం వద్దు, అప్పుడు కుర్చీ కూడా ఖాళీ ఉండదు.

మా నాలుగు బ్రాంచీలు ఇప్పుడు మూడయ్యాయి. స్క్రైబస్ ప్యాచ్‌ను శుభ్రంగా విడదీసి ఉంచుకున్నాం కాబట్టి పై సంకలనానికి పంపగలిగాం, వాళ్లు చేర్చుకున్నారు. ఆ తర్వాతి విడుదలకు మారేటప్పుడు, ఈ కమిట్ ఇప్పటికే అక్కడ ఉంది, వదిలేస్తున్నాను అని రీబేస్ చెప్పింది. ఖాళీ అయిన ఆ బ్రాంచిని తొలగించి, మా అక్క కొడుక్కి ఫోను చేశాను. నకార పొల్లు మీట ప్యాచ్‌ను ఈ నెలలో పంపుతున్నాను.